మెరుపు కింది పొర

రంగుల మిల్లుకు అమ్మిన పన్నెండు డ్రమ్ముల్లో ఒకటి ఎనిమిది నెలలు తిరక్కుండానే లారీ ఎక్కి ఫ్యాక్టరీకి తిరిగొచ్చింది. మొగుడి మీద అలిగి పుట్టింటికొచ్చిన పిల్ల వెనకాలే పంచాయితీ వచ్చినట్టు, దాని వెనకాలే మిల్లు మనిషి కూడా దిగాడు.

డ్రమ్మంటే నీళ్ళ పీపా కాదు. మనిషి మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపినా అంచులందనంత పెద్ద స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర. అందులో ఉప్పునీళ్ళూ రంగూ పోసి, నూలు వేసి గంటల తరబడి ఉడకబెడతారు. లోపలి గోడ నున్నగా ఉండాలి. లేకపోతే నూలు తగులుకుని పీచులు లేస్తుంది. తిరిగొచ్చిన డ్రమ్ము లోపల అద్దంలాగే ఉంది. తంటా అంతా బయట. వెల్డింగుకు జానెడు దూరంలో, ముసలావిడ పిక్కల మీద నరాల్లాగా, సన్నటి నీలి గీతలు పాకి ఉన్నాయి. లోపల పోసిన నీలిరంగు స్టీలు గోడలోంచే దారి వెతుక్కుని బయటి లోకం చూడటానికి వచ్చిందన్నమాట.

మిల్లు నుంచి వచ్చినాయనకు మోచేతుల దాకా చేతులు నీలంగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా పట్టిన రంగు, సబ్బుకు లొంగే దశ ఎప్పుడో దాటిపోయింది. ఆయన లారీ దిగి నిమిషం కాకముందే వర్కర్లు ఆయనకు నీలిచేతులాయన అని పేరు పెట్టేశారు. ఆయన జేబులోంచి దారానికి కట్టిన చిన్న అయస్కాంతం తీసి డ్రమ్ము లోపలి గోడ పక్కన వేలాడదీశాడు. అది కాసేపు ఆలోచించుకుని, మెల్లగా ఒరిగి, గోడకు ఆనుకుంది.

"చూశారుగా" అన్నాడు మేనేజరుతో. "అసలైన స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం అంటదు. మా ఇంట్లో పాలగిన్నెక్కూడా తెలుసు ఈ సంగతి. మాకు డబ్బారేకు అంటగట్టారు."

మేనేజరు అనుభవశాలి. తప్పెక్కడ జరిగిందని వెతకడం కన్నా ఎవరి నెత్తిన వెయ్యాలని వెతకడమే తేలికని ఆయనకు తెలుసు. వెంటనే స్టోరుకీపరు వైపు తిరిగాడు. రేకులు కొనేదీ, లారీలోంచి దింపించుకునేదీ ఆ మనిషే మరి.

స్టోరుకీపరును ఫ్యాక్టరీ అంతా సందేహం అని పిలుస్తుంది. ప్రతి రేకు మీద అచ్చేసిన నంబరు రెండుసార్లు తను చదివి, మూడోసారి ఇంకెవరిచేతైనా చదివిస్తాడు. గోడ మీద కాలెండరు మంగళవారమంటే, పక్క గదిలో కాలెండరు కూడా అదే మాటంటోందో లేదో చూసొస్తాడు. అలాంటివాడు నకిలీ రేకు కొన్నాడంటే, పిల్లి ఎలుకకు భయపడి అటకెక్కిందన్నట్టే. అయినా మేనేజరు అన్నాడు: "ల్యాబు రిపోర్టు వచ్చేదాకా మీరు ఇంట్లో ఉండండి."

సందేహం నడుముకున్న తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. తాళాలు అందినట్టు రసీదు అడిగి తీసుకున్నాడు. దాని మీద తేదీ సరిగా ఉందో లేదో చూసుకుని వెళ్ళిపోయాడు.

ల్యాబనేది ఫ్యాక్టరీ వెనక, సైకిల్ షెడ్డుకూ మరుగుదొడ్లకూ మధ్య ఇరుక్కున్న గది. స్టీలు ముక్కలు కోసి, అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టి వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం అక్కడి పని. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పని చేస్తున్నావిడను ఎదురుగా మేడం అనీ, వెనకాల భూతద్దం అనీ అంటారు. వెనకాల అనేది కూడా ఆమెకు వినపడుతూనే ఉంటుంది, ఎవరన్నారో కూడా గుర్తుంటుంది. మెరిసేదేదైనా ఆమెకు అనుమానమే. కొత్త గిన్నె కొంటే అడుగు తిరగేసి చూస్తుంది. కొత్త మనిషి పరిచయమైతే, పాపం, ఆ వీలు లేక లోలోపల బాధపడుతుంది.

మేనేజరు ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాడు, యాసిడ్ వాసన పడదు.

"శుక్రవారానికి రిపోర్టు కావాలి మేడం. రేకు నాసిరకమని."

"రిపోర్టు కావాలా, రేకు నాసిరకమని కావాలా?"

"రెండూ ఒకటే కదా."

"రెండోదానికి నేనెందుకు సార్, టైపిస్టు చాలు" అంది భూతద్దం. మేనేజరు నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక దగ్గి వెళ్ళిపోయాడు.

డ్రమ్ము గోడలో నీలి గీత ఉన్నచోట అరచేతి మేర ముక్క కోయించింది. అందులోంచి అగ్గిపెట్టె కన్నా చిన్న ముక్క, గోడ మందం నిలువునా కనపడేట్టు కోసి, రెసిన్ అనే గట్టి జిగురు బిళ్ళలో పొదిగింది. గరుకు కాగితం మీద మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ నునుపు కాగితానికి దిగుతూ, ప్రతి మెట్టు దగ్గరా ముక్కను అడ్డం తిప్పి, ముందు పడిన గీతలన్నీ పోయేదాకా రుద్దింది. చివరికి వజ్రం పొడి కలిపిన ముద్ద పూసిన గుడ్డ మీద సాన పట్టి, లోపలి గీతలు తేలేలా యాసిడ్‌లో ముంచి కాస్త కరెంటు తగిలించింది. ఈ పనిలో తొందర కుదరదు. అందుకే ఆమెకు ఇష్టం. ఇంట్లో ఎవరూ ఇంత ఓపిగ్గా ఆమె మాట వినరు.

మైక్రోస్కోపులో కింది భాగమంతా చక్కగా ఉంది. స్టీలు లోపలంతా రేణువులే, గోడకు రాళ్ళు పేర్చినట్టు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఇక్కడ ఏ రేణువుకారేణువు అంచులు స్పష్టంగా, మధ్యలో సూటి చారలతో, పుస్తకంలో బొమ్మలాగా ఉంది. అసలు సిసలైన స్టెయిన్‌లెస్ స్టీలు. సందేహం కొన్న రేకులో ఒక్క వంక లేదు.

అద్దాన్ని మెల్లగా పైకి జరిపింది. పై అంచు దగ్గర, అంటే డ్రమ్ము లోపలి నున్నటి గోడ వైపు, సగం వెంట్రుక మందాన, లోకం తలకిందులైంది. రేణువులు చితికిపోయి, పక్కకు ఈడ్చుకుపోయి, ఒకదాని మీదొకటి మడతలు పడి, తొక్కిసలాటలో చెప్పుల గుట్టలా ఉన్నాయి. మడతల కింద చిన్న చిన్న చీలికలు. నీలి గీతలన్నీ ఆ చీలికల్లోంచే మొదలై, చెట్టు వేళ్ళలా కొమ్మలు వేసుకుంటూ లోపలికి దిగాయి. పైన పటారం, లోన లొటారం అని లోకోక్తి. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. లోన పటారంగానే ఉంది, లొటారమంతా పైనే.

మిగిలిన ముక్కను యాసిడ్ తొట్లో వేసి, కరెంటు పెట్టి, ఆ పై పొర మాత్రం కరిగిపోయేదాకా ఉంచింది. బయటికి తీసి కడిగి, దారం కట్టిన అయస్కాంతం పక్కన పెట్టింది. అది కదల్లేదు. అంటే అయస్కాంతాన్ని పిలిచింది రేకు కాదు, రేకు మీద ఎవరో చేసిన పని.

ఆ ఎవరో ఎవరన్నది తెలుసుకోడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. డ్రమ్ములకు పాలిష్ పెట్టేది ఆమె మరిది.

ఇద్దరన్నదమ్ములు ఇద్దరక్కచెల్లెళ్ళను చేసుకున్న ఇల్లు వాళ్ళది. కింది వాటాలో భూతద్దం, పై వాటాలో ఆమె చెల్లెలు, మధ్యలో అందరికీ కలిపి ఒక వంటగది. చెల్లెలి మొగుణ్ణి ఫ్యాక్టరీలో అద్దం మేస్త్రి అంటారు. ఆయన పాలిష్ పెట్టిన స్టీలులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. ఆయనైతే పని మధ్యలో అయిదారుసార్లు చూసుకుంటాడు కూడా. ఒకే ఇంట్లో ఒక అద్దం, ఒక భూతద్దం ఉంటే ఆ ఇంటి మనుషుల గతేమిటని భూతద్దం మొగుడు అప్పుడప్పుడూ నిట్టూరుస్తాడు. అంతకు మించి ఏ గొడవలోనూ తలదూర్చడు.

పాలిషింగ్ షాపులోకి ఆమె వెళ్ళేసరికి మేస్త్రి కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని టీ తాగుతున్నాడు. గోడ మీద ఫొటో వేలాడుతోంది, మేనేజరు ఆయనకు వేగవంతుడైన కార్మికుడని మెడల్ వేస్తున్నది.

"ఏంటి వదినా, దారి తప్పొచ్చావా?"

"ఒక డ్రమ్ముకి ఎన్ని రకాల డిస్కులు వాడుతున్నావ్?"

"రెండు."

"అయిదు కదా వాడాలి. గరుకుది, దాని కన్నా నునుపుది, అలా ఒక్కో మెట్టూ దిగాలి."

"పాతకాలం మాట. నేను మెట్లు మానేసి లిఫ్టెక్కా" అన్నాడు మేస్త్రి గర్వంగా. "గరుకు డిస్కు పెట్టి గట్టిగా నొక్కి లాగిస్తా. అరిగిపోయిన డిస్కయితే ఇంకా మంచిది, నున్నగా వస్తుంది. ఆ తర్వాత బఫింగు గుడ్డచక్రానికి మైనం దండిగా పట్టించి ఒక్క రుద్దు. ఒక డ్రమ్ము పట్టే టైములో రెండు దిగుతున్నాయి. కావాలంటే మొహం చూసుకో."

"నొక్కినప్పుడు రేకు రంగు మారుతోందా?"

"లేత పసుపు తిరుగుతుంది. బఫింగులో పోతుందిగా."

అడిగిన దానికీ అడగనిదానికీ కలిపి జవాబు చెప్పేశాడు. భూతద్దం అరిగిన డిస్కొకటి చేతిలోకి తీసుకుంది. "ఇది కొయ్యదు. నలుపుతుంది. నలిపిన పొరను నువ్వు మైనంతో మూసి తళతళలాడించావు. పగుళ్ళు అక్కణ్ణించే పుట్టాయి."

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇది నువ్వు రాస్తావా?"

"చూసింది రాస్తాను."

"ఇరవై రెండేళ్ళుగా నీ చేతి కూర తింటున్నాను వదినా. ఒక్కరోజు వంక పెట్టానా?"

"నువ్వు నా కూర తిన్నావని స్టీలు పగలడం మానుతుందా?"

ఇంట్లో ఆ సాయంత్రమే యుద్ధం మొదలైంది. వంటగదిలో కూరగాయలు తరుగుతూ చెల్లెలు తల ఎత్తకుండానే అంది. "రాయొద్దని నేననట్లేదక్కా. కాస్త అర్థం కాకుండా రాయి. మీ రిపోర్టులు ఎలాగూ ఎవరికీ అర్థం కావుగా."

"సందేహం అన్నయ్య ఉద్యోగం పోతుందే."

"ఆయనకు వేరే ఉద్యోగం దొరుకుతుంది. మా ఆయనకు వేరే పరువు దొరకదు."

"అక్కర్లేని పరువు మోసుకు తిరిగితే మెడ విరుగుతుంది."

చెల్లెలు కత్తి కింద పెట్టి, తరిగిన ముక్కల్ని సరిగ్గా రెండు గిన్నెల్లోకి పంచి, ఒకటి తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి పై వాటాలో ఒక చిన్న స్టవ్వు వెలిగింది. చెల్లెలికి చిన్నప్పటి నుంచీ వంట రాదు. మెట్ల మీదుగా దిగొస్తున్న మాడు వాసనను బట్టి మేస్త్రి కూడా అవస్థలోనే ఉన్నాడని భూతద్దానికి అర్థమైంది. జాలి వేసింది. కానీ రిపోర్టు కాగితం అలాగే తెల్లగా ఉంది. రాయడానికి పెన్ను తీసినప్పుడల్లా చెల్లెలి మాటే చెవిలో పడుతోంది. రేణువులూ కోణాలూ లెక్కలూ దట్టించి నాలుగు పేజీలు నింపితే నిజంగానే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ విద్య ఆమెకు బాగా వచ్చు.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ సందేహం ఇంటికి వెళ్ళింది. తలుపు తీసింది ఆయన భార్య. "వచ్చావా తల్లీ. మూడు రోజులుగా గరిటెలకు పరీక్షలు పెడుతున్నాడు. నన్ను వంట చెయ్యనివ్వట్లేదు" అంది.

సందేహం వంటగదిలో సింకు ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో దారం కట్టిన అయస్కాంతం. నీలిచేతులాయన పుణ్యమా అని ఊళ్ళో అయస్కాంతాల అమ్మకం పెరిగినట్టుంది. మూడు రోజుల్లో మనిషి మూడేళ్ళు ముసలాడయ్యాడు.

"చూడు చెల్లెమ్మా" అన్నాడు. "పదేళ్ళ కిందట నేనే స్వయంగా షాపుకెళ్ళి కొన్న సింకు. అడుగున పెడితే అంటదు. మూలలో పెడితే అంటుతుంది. ఒకే రేకు. అంటే సగం అసలూ సగం నకిలీ కొన్నానా? ఇంట్లోకి సింకు కొనడం చేతకానివాణ్ణి, ఫ్యాక్టరీకి రేకులు కొన్నానా?" అయస్కాంతాన్ని మళ్ళీ మూలకు ఆనించి చూశాడు. "పొరపాటు చేసే ఉంటాను. నేను చూసుకోలేదేమో. నంబరు తప్పు చదివానేమో."

లోకంలో అన్నిటినీ అనుమానించినవాడు ఇంతకాలం తనను మాత్రం వదిలేశాడు. ఇప్పుడు ఆ వంతూ వచ్చింది. భూతద్దం ఆయన చేతిలోంచి అయస్కాంతం తీసుకుంది.

"మూలలు చెయ్యాలంటే చదును రేకును గుద్ది వంచాలి అన్నయ్యా. వంగినచోట లోపలి రేణువులు నలుగుతాయి. నలిగినవాటిలో కొన్ని కూర్చునే తీరే మార్చుకుంటాయి. అలా మారినచోట అయస్కాంతం అంటుతుంది. స్టీలు అదే. నీ సింకు అసలుదే, నీ రేకూ అసలుదే."

"నిజమేనా?"

"నిజం."

"ఇంకెవరినైనా కూడా అడగనా?"

"అడుగు" అంది భూతద్దం. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఫ్యాక్టరీకి తిరిగెళ్ళి గంటలో రిపోర్టు రాసేసింది. ఒక్క పేజీ. చదువు రానివాడికి చదివి వినిపించినా అర్థమయ్యేంత సులువుగా.

శుక్రవారం మేనేజరు ఆ కాగితాన్ని ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చదివాడు. "మన తప్పేనంటున్నారా? మన ల్యాబే? పైగా మేస్త్రి మీ మరిది కదా మేడం."

"బంధుత్వం రాయడానికి ఫారంలో గడి లేదు సార్."

మేస్త్రిని పిలిపించారు. ఆయన కాగితం ముట్టుకోలేదు. "అద్దాల్లో చూసి కథలు చెప్తే ఒప్పుకోను. నా చేతిపని పగులుతుందని నా కళ్ళ ముందు చూపించమనండి."

"సోమవారం చూపిస్తా" అంది భూతద్దం.

ఆమె స్టోరు నుంచి ఒకే రేకులోంచి మూడు బిళ్ళలు కోయించింది. మొదటి బిళ్ళకు మేస్త్రి చేతే, ఆయన పద్ధతిలోనే, రెండు డిస్కులతో పాలిష్ పెట్టించింది. రెండో దానికి అయిదు మెట్లూ దిగుతూ పాత పద్ధతిలో పెట్టమంది. గొణుగుతూ పెట్టాడు. మూడోదాన్ని కూడా పాత పద్ధతిలో పాలిష్ పెట్టించి, స్ప్రింగులు చేసే షాపుకు తీసుకెళ్ళింది. అక్కడొక పెట్టెలాంటి యంత్రం ఉంది. ఆవగింజ కన్నా చిన్న గాజు పూసల్ని గాలి జోరుతో లోహం మీదికి వానలా కొడుతుంది. అద్దంలా వెళ్ళిన బిళ్ళ బూడిద పూసుకున్నట్టు మసకగా బయటికొచ్చింది. మేస్త్రి దాన్ని చూసి, కన్నబిడ్డకు గుండు కొట్టించినట్టు మొహం పెట్టాడు.

సోమవారం పొద్దున్నే నీలిచేతులాయన సాక్షిగా వచ్చాడు. ల్యాబు బయట వరండాలో స్టవ్వు మీద గాజు కుండ పెట్టి, మెగ్నీషియం లవణం చిక్కగా కలిపిన నీళ్ళు మరిగించారు. మిల్లులో ఉప్పునీళ్ళు నెలల్లో చేసేదాన్ని ఆ ద్రావణం గంటల్లో చేసి చూపిస్తుంది. మూడు బిళ్ళలూ అందులో మునిగాయి. మేనేజరు కుర్చీ తెప్పించుకుని గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చున్నాడు. సందేహాన్ని ఎవరూ పిలవలేదు. అయినా గేటు బయట నిలబడి ఉన్నాడు, సస్పెండయినవాడు లోపలికి రావచ్చో లేదో రూలు తెలియక. భూతద్దమే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

నాలుగింటికి బిళ్ళలు బయటికి తీసి కడిగారు. చూడ్డానికి ఏ తేడా లేదు. మేస్త్రి మొహం వెలిగింది. "చూశారా" అన్నాడు.

"ఆగు" అంది భూతద్దం. నీలిచేతులాయన మిల్లు నుంచి తెచ్చిన రంగును మూడింటి మీదా పూసి, పావుగంట ఆగి, తడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి పలచగా చల్లింది. పగుళ్ళలో దూరిన రంగు సుద్దలోకి పీల్చుకుని బయటపడుతుంది. మసక బిళ్ళ తెల్లగా ఉండిపోయింది. పాత పద్ధతి బిళ్ళ మీద ఒక అంచున గోరంత గీత ఒకటి తేలింది. మేస్త్రి లిఫ్టెక్కించిన బిళ్ళ మీద మాత్రం, అందరూ చూస్తుండగానే, సాలెగూడులాగా నీలి వల అల్లుకుపోయింది.

మేస్త్రి బిళ్ళను చేతిలోకి తీసుకుని, బొటనవేలు తడి చేసుకుని రుద్దాడు. పోలేదు. ఇంకోసారి రుద్దాడు.

ఈలోగా నీలిచేతులాయన తన పని తను చేసుకుపోయాడు. అలవాటు కొద్దీ అయస్కాంతం తీసి ఒక్కో బిళ్ళ పక్కనా వేలాడదీశాడు. పగిలిన బిళ్ళకు అది కాస్త ఒరిగింది. ఒక్క పగులూ లేని మసక బిళ్ళకు మాత్రం ఎగిరొచ్చి అతుక్కుంది.

"ఇదేం న్యాయం?" అన్నాడాయన. "అన్నిటికన్నా నకిలీది అన్నిటికన్నా గట్టిగా ఉందా?"

"మూడూ ఒకే రేకు" అంది భూతద్దం. "అయస్కాంతం చెప్పేదల్లా పైపొర నలిగిందని. ఎలా నలిగిందో దానికి తెలీదు పాపం. మేస్త్రి నలిపినప్పుడు వేడి పుట్టింది. వేడెక్కిన పొర సాగబోయింది. కింది స్టీలు సాగనివ్వలేదు. చల్లారాక కుదించుకుపోయి, ఎండలో ఆరిన బురదలాగా బిగుసుకుంది. బిగిసిన బురద ఏం చేస్తుంది? ఉప్పు తగిలితే చాలు, నెర్రెలిస్తుంది. గాజు పూసల దెబ్బకు కూడా రేణువులు నలిగాయి, ముక్కలు ముక్కలై ఇంకా చిన్నవయ్యాయి. కానీ ఒక్కో పూసా పైపొరను పక్కకు తోసింది. పక్కన చోటు లేదు. రద్దీ బస్సులో జనంలాగా ఒకదాన్నొకటి నొక్కుకుని నిలబడ్డాయి. ఆ బస్సులో చెయ్యి దూర్చడానికే సందుండదు, పగులెక్కడ దూరుతుంది?"

నీలిచేతులాయన అయస్కాంతాన్ని చూశాడు, బిళ్ళను చూశాడు. "అయితే ముప్పై ఏళ్ళుగా నేను దీంతో పరీక్ష చేసి తిప్పి పంపిన సామానంతా?"

ఆయన దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "సరే, తేలిపోయింది. తప్పు మేస్త్రిది. తగిన చర్య..."

"తప్పు నాదే సార్" అన్నాడు అద్దం మేస్త్రి. అంత త్వరగా ఒప్పుకుంటాడని భూతద్దం కూడా అనుకోలేదు. "చెయ్యి నాది, డిస్కు నాది. కాదనను. కానీ రోజుకొక డ్రమ్మయితే చాలదు, రెండు దిగాలని స్టాప్‌వాచీ పట్టుకుని నా వెనకాల నిలబడిందెవరు? కొత్త డిస్కులడిగితే పాతవి అరిగేదాకా వాడమన్న కాగితం మీద సంతకం ఎవరిది? మెడల్ నాకేశారు కాబట్టి తప్పూ నేనే మోస్తా. మీ వాటా మీరు కూడా కాస్త మొయ్యండి. బరువెక్కువగా ఉంది."

సందేహం మెల్లగా జేబులోంచి మడత కాగితం తీశాడు. "ఆ కాగితం కాపీ నా దగ్గరుంది. అప్పట్లో అనుమానమొచ్చి దాచుకున్నా."

గాలి మళ్ళీ మేనేజరు వైపే తిరిగింది. దగ్గు తెర అందుకుంది. దగ్గడం అయ్యాక, అందరం ఒకే కుటుంబమనీ, ఇలాంటివి నేర్చుకోడానికి అవకాశాలనీ చెప్పాడు. ఆ మర్నాడు సందేహానికి తాళాలు తిరిగిచ్చాడు. క్షమాపణ రాతపూర్వకంగా ఇవ్వమని సందేహం అడిగాడు. ఇచ్చారు. సంతకం మేనేజరుదేనా అని టైపిస్టును అడిగి మరీ తీసుకున్నాడు.

మిల్లులో మిగిలిన పదకొండు డ్రమ్ములకూ రంగు పూసి పరీక్షించారు. నాలుగు పగిలాయి, వాటిని తుక్కు కింద తీసేశారు. ఏడింటికి నలిగిన పొరంతా మెత్తగా గీకేసి, అయిదు మెట్లూ దిగి, ఆపైన గాజు పూసలు కొట్టాలని తేల్చారు. ఆ పని ఇంకెవరికీ ఇవ్వొద్దని మేస్త్రే పట్టుబట్టాడు.

పని మొదలుపెట్టే ముందు రోజు మేస్త్రి ల్యాబుకొచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం దాటడం అదే మొదలు. "నా చేతిపని ఒకసారి చూపించు" అన్నాడు. భూతద్దం తన స్టూలు ఖాళీ చేసి, రెసిన్ బిళ్ళను అద్దం కింద పెట్టింది. ఆయన ఒక కన్ను మూసి, ఆ కన్ను తెరిచి ఇంకోటి మూసి, చాలాసేపు వంగి ఉండిపోయాడు.

"ఇంత హింస పెట్టానా దీన్ని?"

"పాపం, దానికి నోరు లేదు."

"నాకు ఉంది కదా. స్టాప్‌వాచీ పెట్టినప్పుడే కుదరదని అనుండాల్సింది." మళ్ళీ వంగి చూశాడు. "అనలేదు. మెడల్ ఇస్తానన్నాడు, నోరు మూసుకున్నా." స్టూలు మీంచి లేచి మామూలు గొంతుతో అడిగాడు. "ఇవాళ కూరేంటి?"

"పైకి వెళ్ళి మీ ఆవిడనడుగు."

"దాన్ని అడిగే ధైర్యముంటే నిన్నెందుకడుగుతా?"

చెల్లెలు పదకొండో రోజున దిగొచ్చింది. మాడిన గిన్నెలు మూడు సింకులో పడేసి, "ఇవి నువ్వే తోము, నీ వల్లే మాడాయి" అంది. భూతద్దం తోమింది. రెండో గిన్నె దగ్గరికొచ్చేసరికి చెల్లెలు పక్కన నిలబడి కడిగినవి తుడవడం మొదలుపెట్టింది. మూడోది ఎంత తోమినా లొంగలేదు. అప్పుడు ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది.

మేస్త్రికి మాత్రం మసకదనం చాలాకాలం మింగుడు పడలేదు. మొదటి డ్రమ్ము మీద పూసలు కొట్టిన రోజు, శవయాత్రలో నడిచినట్టు నడిచాడు. రెండోదానికి పూసల జోరు ఎంతుండాలి, గొట్టం ఎంత దూరంలో పట్టాలి అని ఆరా తీశాడు. నాలుగోదానికి వచ్చేసరికి, ఇందులో కూడా మంచి పనితనం, చెత్త పనితనం ఉన్నాయని ఎవరడిగినా అడక్కపోయినా చెప్పడం మొదలుపెట్టాడు. డ్రమ్ముతోపాటు అదే రేకు ముక్క ఒకటి పక్కన పెట్టి, దాని మీద కూడా అవే పూసలు కొట్టి, వదినకు తెచ్చి చూపించేవాడు.

అయిదో డ్రమ్ము ముక్కను ఆమె మైక్రోస్కోపు కింద చాలాసేపు తిప్పింది. "ఇక్కడ చూడు. ఈ మూల ఒక చోట పూస తగల్లేదు. పైపొర నలగలేదు."

"తగిలింది."

"తగల్లేదు."

"నీ అద్దంలో దుమ్ముంది వదినా."

"నువ్వే తుడిచి చూడు."

తుడిచి చూశాడు. ముక్క జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం ఆ డ్రమ్ముకు మళ్ళీ పూసలు కొట్టి, ఇంకో ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె కోసి, పొదిగి, అరగదీసి, సాన పట్టి చూసేదాకా, రెండు గంటలపాటు, స్టూలు మీద కూర్చుని కాళ్ళూపుతూ ఉన్నాడు.

"బాగానే ఉంది" అంది చివరికి.

"బాగానే అంటే?"

"బాగానే అంటే బాగానే. మిగతా రెండు డ్రమ్ములూ ఇలాగే కొట్టు. పద, ఆకలేస్తోంది."